మంచం పక్కనే ఆరోగ్య బోధన: జిల్లా, ఏరియా ఆసుపత్రుల వార్డు సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

షుగర్ పెరిగి, కాలికి పుండుపడి చేరిన మనిషికి పదిరోజులపాటు డ్రెస్సింగులు చేస్తాం, ఇంజెక్షన్లు ఇస్తాం, పుండు మానుముఖం పట్టేదాకా చూసుకుంటాం. ఆ పదిరోజుల్లో ఆయన వేసుకునే చెప్పులు ఎవరైనా చూశారా? ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ పెడతారని అడిగారా? వంట ఎవరు చేస్తారో కనుక్కున్నారా? చాలా వార్డుల్లో ఈ మూడూ జరగవు. డిశ్చార్జి రోజు మధ్యాహ్నం, ఆటో గేటు దగ్గర నిలబడి ఉండగా, "తీపి మానెయ్యండి, ఉప్పు తగ్గించండి, బీడీ ముట్టుకోకండి, రోజూ నడవండి" అని గుక్కతిప్పుకోకుండా చెప్పి చీటీ చేతిలో పెడతాం. ఆ హడావిడిలో చెప్పింది ఊరు చేరేసరికి ఒక్కటీ గుర్తుండదు. కొన్ని నెలలకు రెండో కాలికి పుండుతో మళ్లీ వస్తారు.

ఆరోగ్య బోధన చేరిన రోజే మొదలవ్వాలి, మందు ఇచ్చినట్టే రోజూ కొంచెం కొంచెంగా ఇవ్వాలి, రోగితోపాటు ఇంట్లో వండిపెట్టే మనిషికీ అందాలి. ఈ మార్గదర్శిలో ఉన్నదంతా ఈ మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. షిఫ్టుకు ఇద్దరు సిస్టర్లు ఉండే 30 పడకల వార్డును మనసులో పెట్టుకుని రాశాను. కొత్త పోస్టులు, కొత్త నిధులు అక్కర్లేని పనులే చెబుతున్నాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఆరోగ్య సేవలు జబ్బు నయం చేయడంతో ఆగిపోకూడదని 1986లో ఒక అంతర్జాతీయ సదస్సు చేసిన ఒట్టావా ప్రకటన చెప్పింది. 1991లో బుడాపెస్ట్ ప్రకటన ఆసుపత్రులు ఏంచేయాలో వివరించింది. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రమాణాలు ఇచ్చింది: ఆసుపత్రికి ఒక విధానం ఉండాలి, ప్రతి రోగి అవసరాలూ అంచనా వేయాలి, సమాచారమూ సాయమూ అందించాలి, సిబ్బంది ఆరోగ్యం చూడాలి, ఇంటికెళ్లాక సంరక్షణ తెగిపోకుండా చూడాలి. కింద చెప్పే అడుగులు వీటినే మన వార్డు భాషలోకి దించుకున్నవి.

మొదటి అడుగు: ఒక వార్డు, ఒక మనిషి, రెండు మూడు విషయాలు

ఆసుపత్రి మొత్తానికీ ఒకేసారి మొదలుపెడితే నెలలో చల్లారిపోతుంది. ఒక్క వార్డు ఎంచుకోండి. సూపరింటెండెంట్ సంతకంతో ఒక ఉత్తర్వు తీసుకుని, వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు బాధ్యత అప్పగించండి. ఉత్తర్వు తప్పనిసరి. అది లేకపోతే ఆవిడ బదిలీ అయిన రోజే పని ఆగిపోతుంది.

తర్వాత గత మూడు నెలల అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని, మళ్లీ మళ్లీ వస్తున్న జబ్బులేంటో చూడండి. మెడికల్ వార్డు అయితే షుగర్, బీపీ, పక్షవాతం, పొగాకు, మద్యం బయటపడతాయి. కాన్పుల వార్డు అయితే ముర్రుపాలు, బాలింత తిండి. అందులో రెండు మూడు మాత్రమే పట్టుకోండి. పది విషయాల మీద పది పోస్టర్లు వేయడం కన్నా, ఇన్సులిన్ సరిగ్గా వేసుకోవడం ఒక్కటే ప్రతి ఒక్కరికీ వచ్చేలా చేయడం నిజమైన పని.

రెండో అడుగు: చేరిన 24 గంటల్లో సరైన మాటలతో అడగడం

కేస్ షీటులో "పొగతాగుట: లేదు, మద్యం: లేదు" అని చకచకా రాసేయడం అలవాటుగా మారింది. లోపం అడిగే తీరులోనే ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఒక పెద్దావిడను "సిగరెట్ తాగుతారా?" అంటే నిజాయితీగానే లేదంటుంది. "అడ్డపొగ తాగుతావా అమ్మా?" అని అడిగితే చుట్ట సంగతి చెబుతుంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆ అలవాటు అంగిట్లో క్యాన్సర్‌కు దారితీస్తుందని ఆ ప్రాంతంలో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. కాబట్టి పేరు పేరునా అడగాలి: బీడీ, చుట్ట, అడ్డపొగ, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ. నోరు తెరవమని టార్చి వేసి చూడటానికి అర నిమిషం చాలు.

మద్యం విషయంలో మొదటి రోజే అడగకపోతే ప్రాణం మీదికే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో సుమారు 43 శాతం మంది మద్యం తాగుతారు. రోజూ తాగే మనిషి జ్వరంతోనో, విరిగిన కాలుతోనో చేరి ఒక్కసారిగా ఆపేస్తే, మొదటి రోజు లోపే చేతులు వణుకుతాయి. రెండు మూడు రోజులకు మతి చలించి, ఉన్నవీ లేనివీ కనిపిస్తున్నాయంటూ సెలైన్ పీకేసుకుంటాడు. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకూ ఇలాగే అవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. "కల్లు కూడా లెక్కలోకే వస్తుంది బాబాయ్, చివరిసారి ఎప్పుడు తాగావు? రోజుకెంత? ముందే తెలిస్తే వణుకు రాకుండా మందు ఇస్తారు" అని అడగండి. కారణం చెప్పి అడిగితే దాచరు. విన్న వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి, కేస్ షీటు పైనే రాయాలి.

అదే రోజు ఇంకో నాలుగు అడగండి. ఇంట్లో వంట ఎవరిది? చదువు వచ్చినవాళ్లెవరు? ఫోను ఎవరి దగ్గరుంటుంది? ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం రేపు తెప్పించగలరా? ఆ సంచీలో తరచూ ఆశ్చర్యపోయేవి దొరుకుతాయి: ఒకే షుగర్ బిళ్ల రెండు కంపెనీల పేర్లతో, రెండూ వేసుకుంటున్నవి, మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి కొనుక్కు మింగుతున్న నొప్పి బిళ్లలు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట్ల ఆ నొప్పి బిళ్లల సంగతి ఒక్కటి తేల్చినా గొప్ప సాయం.

మూడో అడుగు: పథ్యం ప్రశ్న దగ్గర ఆగడం

తెలుగు ఇళ్లలో మనిషి ఆసుపత్రిలో చేరగానే ఎవరూ నేర్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఏం పెట్టమంటారు సిస్టర్? పథ్యం ఏంటి?" ఆరోగ్య బోధనకు ఇంతకంటే మంచి తలుపు దొరకదు. వాళ్లే అడుగుతున్నారు, వినడానికి సిద్ధంగా ఉన్నారు. దానికి మనం "అన్నీ పెట్టొచ్చు" అని ముందుకెళ్లిపోతే, ఖాళీగా మిగిలిన ఆ చోటును పక్క మంచం వాళ్లు నింపుతారు.

వాళ్లు చెప్పేవి ఏంటో మనకు తెలుసు. ఆపరేషన్ అయినవాళ్లు పప్పు తింటే కుట్లు చీముపడతాయని, వంకాయ పనికిరాదని, గుడ్డు వేడని. ఫలితంగా గాయం మానడానికి మాంసకృత్తులు ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే మనిషి చారూ అన్నంతో సరిపెట్టుకుంటాడు. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని, కారప్పొడి మెతుకులే పెట్టాలని ఇప్పటికీ పట్టుబట్టే ఇళ్లున్నాయి. అలా అన్న అత్తగారిని కసరకండి. ఆవిడ కోడలి బాగు కోరే ఆ మాట అంటోంది. "పెద్దమ్మా, పథ్యం ఉండాల్సిందే. ఈ పథ్యంలో పప్పు, గుడ్డు, పెరుగు ఉన్నాయి. కుట్లు అతుక్కోవడానికి ఇవే మందు" అని ఆవిడ మాటలోనే చెప్పండి. పథ్యం అనే గౌరవం అలాగే ఉంచి, లోపల ఏముండాలో మార్చడమే మన పని.

షుగర్, బీపీ ఉన్నవాళ్ల ఇళ్లలో ఉప్పు గురించి "తగ్గించండి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. లెక్క చెప్పండి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల్లో ఉన్నదీ ఆ లెక్కలోదే కాబట్టి ప్యాకెట్ ఇంకా ఎక్కువ రోజులే రావాలి. "మీ ఇంట్లో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది వదినా?" అని వంట చేసే ఆవిడను అడిగితే, జవాబు చెబుతూనే ఆవిడకు విషయం అర్థమైపోతుంది. సైంధవ లవణం వాడితే ఫర్వాలేదా అని తప్పకుండా అడుగుతారు. అదీ ఉప్పే, బీపీకి అదీ అంతే. సోడియం తగ్గించిన ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది కనుక కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా వాడకూడదని కూడా చెప్పండి.

అన్నం పూర్తిగా మానేయమని చెప్పకండి, ఎవరూ మానరు. కంచంలో సగం కూర, పావు అన్నం, పావు పప్పో గుడ్డో ఉండాలని చూపించండి. రాగిజావ ఎంత తాగినా షుగర్ పెరగదన్న నమ్మకం బలంగా ఉంది. జావలా కాచితే అదీ త్వరగానే పెంచుతుంది. కూరతో కలిపి తినే సంగటి కొంత నయం, అదీ కొలతలోనే.

నాలుగో అడుగు: రోజుకొక్కటి, చేసి చూపించుకోవడం

టైమెక్కడుందని సిస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. విడిగా క్లాసు పెట్టాలనుకుంటే నిజంగానే టైముండదు. ఎలాగూ మంచం దగ్గరికి వెళ్లే పనిలోనే చెప్పాలి: బీపీ చూసేటప్పుడు ఉప్పు గురించి, డ్రెస్సింగ్ చేసేటప్పుడు కాళ్ల గురించి, ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు ఇన్సులిన్ గురించి.

కొత్తగా ఇన్సులిన్ మొదలైన మనిషికి ఐదు రోజుల పాఠం ఇలా వేసుకోవచ్చు. మొదటి రోజు సిస్టర్ వేస్తుంది, కొడుకో కోడలో చూస్తారు. రెండో రోజు సీసా మీది అంకె, సిరంజి మీది అంకె చదివిస్తుంది. ఇక్కడ తొందరపడకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా ఇచ్చే సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. బయట మెడికల్ షాపులో 100 యూనిట్ల ఇన్సులిన్ కూడా దొరుకుతుంది. దాన్ని ఎర్ర మూత సిరంజితో లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు. రాత్రి షుగర్ పడిపోయి తెల్లారేసరికి స్పృహ లేకుండా దొరుకుతారు. "సీసా మీద 40 ఉంటే సిరంజి మీదా 40 ఉండాలి, షాపులో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి" అని వాళ్ల నోటితోనే రెండుసార్లు చెప్పించండి.

మూడో రోజు ఇంటి మనిషే మందు లాగాలి, సిస్టర్ చూడాలి. నాలుగో రోజు పొట్ట మీద చోటు మార్చుకుంటూ వేయడం, సీసా దాచడం. ఫ్రిజ్ లేని ఇంట్లో కుండలో నీళ్లు పోసి, అందులో చిన్న పొడి గిన్నె తేలేలా ఉంచి, మూత పెట్టిన సీసాను గిన్నెలో పెట్టి, నీడ ఉన్న చోట ఉంచాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐసు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఐదో రోజు షుగర్ పడిపోతే ఏంచేయాలి: చెమటలు, వణుకు, గుండెదడ అనిపిస్తే వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు తగ్గకపోతే మళ్లీ తాగాలి, తర్వాత ఏదైనా తినాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

"అర్థమైందా?" అని మాత్రం అడగకండి. అర్థం కాకపోయినా తలూపడం మన మర్యాద. ఇలా అడగండి:

"అమ్మాయ్, రేపు నేనుండను. మీ మామగారికి ఒంట్లో వణుకొచ్చి చెమటలు పట్టాయనుకో. ఏంచేస్తావో చెప్పు."

"ఇన్సులిన్ వేస్తానండీ."

"అప్పటికే షుగర్ పడిపోయింది కదమ్మా, ఇన్సులిన్ వేస్తే ఇంకా పడిపోతుంది. ముందు పంచదార. ఎన్ని చెంచాలు?"

"మూడు."

"తగ్గకపోతే?"

ఆ మొదటి జవాబు వార్డులోనే బయటపడటం ఎంత అదృష్టమో ఆలోచించండి. ఇంటికెళ్లాక బయటపడేదైతే మామగారి ప్రాణం పోయేది. సరిగ్గా చెప్పలేకపోతే అది నేర్చుకున్నవాళ్ల తప్పని చూడకండి, ఇంకోలా చెప్పి చూడండి. బెంగళూరు కేంద్రంగా పనిచేసే నూరా హెల్త్ సంస్థ రోగి బంధువులకు వార్డులోనే సంరక్షణ నేర్పే పద్ధతిని కర్ణాటక, పంజాబ్ లాంటి రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిపిస్తోంది. మనం అటెండెంట్లను గుంపు అనుకుని బయటికి పంపించేస్తాం గానీ, రేపటి నుంచి నర్సు పని చేయాల్సింది వాళ్లే.

కాళ్ల సంగతి డ్రెస్సింగ్ దగ్గరే: రాత్రి పడుకునే ముందు అరికాళ్లు ఎవరైనా చూడాలి, స్పర్శ తగ్గిన కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టకూడదు, పొలానికైనా పెరట్లోకైనా చెప్పుల్లేకుండా వెళ్లకూడదు. ఎండలో గుడి రాళ్ల మీద ప్రదక్షిణ చేసి కాళ్లు బొబ్బలెక్కించుకునేవాళ్లు ప్రతి వేసవిలో వస్తారు. పొద్దున్నే, రాయి చల్లగా ఉన్నప్పుడు, మేజోళ్లతో వెళ్లమని చెబితే వింటారు. వెళ్లొద్దంటే వినరు.

ఐదో అడుగు: పొగాకు, మద్యం మాన్పించే పని వార్డులో మొదలుపెట్టి బయట కొనసాగించడం

గుండెనొప్పితోనో ఆయాసంతోనో మంచం మీదున్న మనిషి రెండు మూడు రోజులుగా ఎలాగూ బీడీ ముట్టలేదు. "ఇప్పటికే రెండు రోజులు మానేశావు తాతా, కష్టమైన రోజులు సగం దాటేశావు" అనే మాటతో మొదలుపెట్టండి. మానాలని ఉందా అని అడగండి. ఉందంటే తేదీ ఇవాళే. తల్లడిల్లితే 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ సంగతి డాక్టరును అడగండి. గుండెపోటు వచ్చిన కొత్తలో డాక్టరు నిర్ణయించాకే ఇవ్వాలి.

ఆసుపత్రిలో చేరిన పొగతాగేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2012లో కాక్రేన్ అనే పరిశోధన సంస్థ సమీక్ష కలిపి చూసింది. వార్డులో మొదలై డిశ్చార్జి తర్వాత కనీసం నెలరోజులు సాగిన కౌన్సెలింగ్ వల్లే ఎక్కువమంది మానగలిగారు, వార్డులో చెప్పి వదిలేస్తే ఫలితం కనపడలేదు. అందుకే మంచం దగ్గరే ఆయన ఫోను నుంచి పొగాకు మానడానికి సాయం చేసే క్విట్‌లైన్ 1800-11-2356కు మొదటి కాల్ చేయించండి. ఈ నంబరు పొగాకు ప్యాకెట్ల మీదే ఉంటుంది. మద్యం, మానసిక ఇబ్బందులకు టెలీ మానస్ అనే ఫోన్ సేవ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు రాసిచ్చి వదిలేస్తే కాల్ చేసేవాళ్లు తక్కువ. మన ఎదుట ఒకసారి మాట్లాడితే భయం పోతుంది.

ఆరో అడుగు: మంచం దింపడం

జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా "కదలకుండా పడుకో" అనేదే మన ఇళ్లలో ప్రేమ. డాక్టరు వద్దనకపోతే రోజుకు మూడుసార్లు కూర్చోబెట్టి, నిలబెట్టి, వార్డు చివరిదాకా నడిపించాలి. పెద్దవయసువాళ్లు మంచానికే అతుక్కుంటే కొద్దిరోజుల్లోనే కాళ్లలో సత్తువ పోతుంది. నడిపించే పని అటెండెంటుకు అప్పగించి, రౌండ్లలో "నిన్న ఎన్నిసార్లు నడిచారు?" అని డాక్టరు అడిగితే చాలు.

ఏడో అడుగు: వార్డే పాఠంలా కనిపించాలి

ఉప్పు తగ్గించమని చెప్పి, ఆసుపత్రి భోజనంలో ఉప్పగా సాంబారు వడ్డిస్తే మన మాటకు విలువుండదు. డైట్ కాంట్రాక్టరుతో కూర్చుని బీపీ, షుగర్ వాళ్ల భోజనం విడిగా ఎలా రావాలో రాతపూర్వకంగా తేల్చుకోండి. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం, ఆసుపత్రి ఆవరణ కూడా అందులోకే వస్తుంది. మెట్ల కింద సిగరెట్ వెలిగించే మన సిబ్బందికీ అదే వర్తిస్తుంది. వాళ్లను పట్టుకుని తిట్టకుండా, మానడానికి సాయం ముందు వాళ్లకే ఇవ్వండి. నైట్ డ్యూటీలతో బీపీ తెచ్చుకున్న సిస్టర్లకు ఆర్నెల్లకోసారి పరీక్షలు చేయించడం కూడా ఈ కార్యక్రమంలో భాగమే.

ఎనిమిదో అడుగు: చదవగలిగే డిశ్చార్జి చీటీ

డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి, తర్వాత చూసే డాక్టరుకు అది కావాలి. దాంతోపాటు ఇంటికోసం తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాస్తే చాలామందికి తెలియదు. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేసి, వాటి పక్కన అసలు బిళ్లనే టేపుతో అంటించండి. పాత సంచీలోని బిళ్లల్లో ఏవి ఆపేయాలో విడగొట్టి వేరే కవర్లో పెట్టి "వాడకూడదు" అని పెద్దక్షరాలతో రాయండి. వచ్చేనెల ఫార్మసీలో రంగు మారిన బిళ్ల ఇస్తే రెండూ వేసుకోకుండా, పేరు అడిగి తెలుసుకోమని చెప్పండి. పేజీ కింద మూడే ప్రమాద సూచనలు, ఒక్క ఫోన్ నంబరు. ఇదంతా డిశ్చార్జికి ముందురోజు సాయంత్రమే జరగాలి, ఆటో వచ్చాక కాదు.

తొమ్మిదో అడుగు: ఊరి చేతుల్లో పెట్టడం

ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం డెస్కు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర రోగి వివరాలు, ఊరు ఎలాగూ ఉంటాయి. అక్కడి నుంచే ఊరి ఏఎన్ఎంకో ఆశాకో ఫోన్ చేయించండి. బీపీ, షుగర్ బిళ్లలు దగ్గర్లోని పీహెచ్‌సీ ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) క్లినిక్‌లో, పల్లె దవాఖానాలో, విలేజ్ క్లినిక్‌లో ఉచితంగా ఇస్తారని, ఏ రోజు వెళ్లాలో చెప్పి పంపండి. టీబీ రోగికి పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరు నుంచి ఆ మొత్తం 500 నుంచి పెరిగింది. ఖాతా వివరాలు వార్డులోనే నమోదు అయ్యాయో లేదో చూడండి.

మూడో రోజు ఒకసారి, నెల తిరిగేసరికి ఒకసారి ఫోన్ చేయాలి. మొదటి కాల్‌లో మూడు ప్రశ్నలు చాలు: మందులన్నీ దొరికాయా, ఇన్సులిన్ ఎవరు వేస్తున్నారు, ఏదైనా భయపెట్టే విషయం ఉందా? పొగాకు మానినవాళ్లకు మాత్రం మధ్యలో వారానికోసారి చేయండి. మళ్లీ ముట్టించానని చెబితే మందలించొద్దు, ఇంకో తేదీ పెట్టండి.

పదో అడుగు: లెక్క రాసుకోవడం

ఎన్ని కరపత్రాలు పంచాం, ఎన్ని క్యాంపులు పెట్టాం అన్న లెక్క దేనికీ పనికిరాదు. ఒక రూళ్ల పుస్తకంలో ఐదు గళ్లు గీయండి: మొదటి రోజే పొగాకు, మద్యం అడిగామా, వండే మనిషితో మాట్లాడామా, నేర్పింది చేసి చూపించారా, తెలుగు పేజీ ఇచ్చామా, ఫోన్‌కు దొరికారా. నెలాఖరున ఏవైనా పది డిశ్చార్జి కేసులు తీసి, ఎన్నిటిలో ఐదూ పూర్తయ్యాయో చూడండి. మొదటి నెల రెండో మూడో ఉంటే దిగులుపడకండి, మామూలే. ఏ గడి ఎక్కువ ఖాళీగా ఉందో అదే వచ్చేనెల పని. మూడో గడి ఖాళీగా ఉంటే మాత్రం ముందు దాన్నే పట్టుకోండి, ఎందుకంటే మిగతా నాలుగూ నిండి అది నిండకపోతే ఇంట్లో ఏమీ మారదు. అంకెల్ని వార్డు గోడ మీద సిస్టర్లకు కనిపించేలా రాసి, నెలవారీ సమావేశంలో సూపరింటెండెంట్ ముందు పెట్టి, సాయంత్రం షిఫ్టుకు మూడో సిస్టర్ కావాలన్నా, డైట్ మార్చాలన్నా ఆ పుస్తకం చూపించే అడగండి.